ఎర్ర గుర్తు ఏం చెబుతోంది?

కంప్యూటర్ తెరవగానే మూలన ఓ హెచ్చరిక. మూసేస్తే పోతుంది, రేపు మళ్లీ వస్తుంది. ఏళ్ల తరబడి అలవాటైపోయిన ఆ హెచ్చరిక వెనక అసలు కారణం ఏమిటి? నిజమైనదాన్నీ దొంగదాన్నీ పోల్చుకోవడం ఎలా? హైదరాబాద్ తార్నాకలోని ఓ ఇంటి నుంచి, ఉస్మానియా క్యాంపస్ నుంచి ఈ వారం ముఖచిత్ర కథనం.

నాన్న పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు తార్నాకలో మా ఇంట్లో, కిటికీ పక్కన బల్ల మీదున్న పాత డెస్క్‌టాప్ ముందు కూర్చుని తన ఉద్యోగం నాటి జ్ఞాపకాలు టైప్ చేసుకుంటున్నారు. పొద్దున్నే చాయ్ తాగి కంప్యూటర్ ఆన్ చేస్తారు. ఫ్యాన్ చప్పుడు, నీలం తెర, ఆ వెంటనే కుడివైపు కింది మూలన ఓ చిన్న పెట్టె. ముప్పు కనబడింది, చర్య తీసుకోండి అని ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు. పక్కన కవచం బొమ్మ, దాని మీద ఎర్ర గుర్తు. నాన్న చదవను కూడా చదవరు. మౌస్ దానంతటదే అక్కడికి వెళ్తుంది, పెట్టె మూతపడుతుంది.

‘‘ఏంది నాన్నా అది?’’

‘‘రోజూ వస్తదిరా. మూసేస్తే పోతది.’’

‘‘ఎన్నాళ్ల సంది వస్తున్నది?’’

‘‘కొన్నప్పటి సంది.’’

ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. ఒంట్లో జ్వరం తగ్గకపోతే థర్మామీటర్‌ను బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లు ఎవరూ ఉండరు. కంప్యూటర్ విషయంలో మాత్రం చదువుకున్నవాళ్లం కూడా సరిగ్గా ఆ పనే చేస్తున్నాం. మా ఇంట్లోనే కాదు, అడిగి చూస్తే వీధిలో చాలా ఇళ్లలో ఇదే మాట: ‘‘అది ఊకెనే వస్తది.’’

ఇది మన దగ్గరే ఉన్న అలవాటు కూడా కాదు. 2013లో దేవదత్త అఖావే, అడ్రియన్ పోర్టర్ ఫెల్ట్ అనే ఇద్దరు పరిశోధకులు క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు చూపించిన రెండున్నర కోట్లకు పైగా హెచ్చరికలను లెక్కగట్టారు. ఈ సైట్‌తో కనెక్షన్ భద్రంగా లేదన్న హెచ్చరిక వచ్చినప్పుడు, క్రోమ్ వాడేవాళ్లు నూటికి 70 సార్లు దాన్ని దాటుకుని ముందుకే వెళ్లారు. అదే రకం హెచ్చరికను ఫైర్‌ఫాక్స్‌లో దాటింది నూటికి 33 సార్లే. అంటే తప్పంతా జనానిది కాదు. ఎలా చెబితే వింటారన్నది కూడా ముఖ్యమే. అర్థమయ్యేలా చెబితే వింటారు, అర్థం కాకపోతే మూసేస్తారు.

తార్నాక పేరులోనే ఈ సంగతికి ఓ పోలిక దొరుకుతుంది. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకీ. నిజాం కాలంలో ఇక్కడో తోట చుట్టూ తీగ కంచె వేసి చౌకీ పెట్టారనీ, ఆ చౌకీ పేరే ఈ ప్రాంతానికి స్థిరపడిందనీ పెద్దలు చెబుతారు. కంప్యూటర్‌లోని భద్రతా వ్యవస్థ కూడా అలాంటి చౌకీయే. చౌకీ దగ్గర మనం రెండు తప్పులు చేస్తాం. నిజమైన కాపలాదారు కేకేస్తే వినం. కాపలాదారు వేషంలో వచ్చిన దొంగ కేకేస్తే మాత్రం తలుపు తీస్తాం.

ముందు గొంతు ఎవరిదో పోల్చుకోండి

హెచ్చరిక రాగానే మొదట తేల్చుకోవాల్సింది ఇదే: మాట్లాడుతున్నది కంప్యూటరా, ఏదో వెబ్‌సైటా?

సినిమా కోసమో, పరీక్షల ప్రశ్నపత్రాల కోసమో ఏదో సైట్‌లోకి వెళ్తాం. ‘మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అలో నొక్కండి’ అంటుంది. నొక్కుతాం. నిజానికి అక్కడ మనం ఇచ్చింది నోటిఫికేషన్లు పంపుకొనే అనుమతి. ఆ రోజు నుంచి తెర మూలన ‘మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయి, వెంటనే శుభ్రం చేయండి’ అంటూ పెట్టెలు మొదలవుతాయి. పేరున్న యాంటీవైరస్ కంపెనీల బొమ్మలు తగిలించుకుని వస్తాయి. ఇది వైరస్ కాదు, కాబట్టి స్కాన్‌లో ఏమీ దొరకదు. ‘ఎన్ని స్కాన్లు చేసినా పోవడం లేదు’ అని తలపట్టుకునే వాళ్లలో చాలామంది బాధ ఇదే.

పోల్చుకోవడం తేలిక. ఆ పెట్టెలో చిన్న అక్షరాల్లో బ్రౌజర్ పేరు, దాని పక్కన ఏదో సైట్ చిరునామా ఉంటాయి. ఆ రెండూ కనిపిస్తే అది బయటి గొంతు. క్రోమ్‌లో సెట్టింగ్స్, అక్కడ ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, ఆపైన నోటిఫికేషన్స్. అనుమతి పొందిన సైట్ల జాబితా అక్కడ ఉంటుంది. మనకు తెలియని ప్రతి పేరునూ తీసేస్తే ఆ రోజుతో పీడ విరగడవుతుంది.

ఇంతకంటే ప్రమాదకరమైనది తెర మొత్తం ఆక్రమించే ఎర్ర పేజీ. సైరన్ మోగుతుంది, కంప్యూటర్‌ను లాక్ చేశామంటుంది, మైక్రోసాఫ్ట్ వాళ్ల నంబర్ అంటూ ఓ ఫోన్ నంబర్ చూపిస్తుంది. ఇక్కడ ఒక్క సూత్రం చాలు: మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబర్ పెట్టదు. నంబర్ కనిపించిందంటే అది మోసమే. ఫోన్ చేస్తే అవతలివాళ్లు ఎనీడెస్క్ లాంటి ప్రోగ్రాం పెట్టించి, మన మౌస్‌ను తమ చేతిలోకి తీసుకుని, ఏవో జాబితాలు చూపించి భయపెట్టి డబ్బు గుంజుతారు. ఇలా విదేశాల వృద్ధులను దోచే నకిలీ కాల్ సెంటర్లు మన దేశం నుంచే నడిచాయన్నది మనం ఒప్పుకోవాల్సిన నిజం. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఇచ్చిన ఫిర్యాదులతో కలిపి 2023 అక్టోబరులో సీబీఐ ‘ఆపరేషన్ చక్ర-2’ పేరిట 76 చోట్ల సోదాలు చేసింది.

అలాంటి పేజీ వస్తే ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకోండి, తెర మామూలు సైజుకు వస్తుంది. రాకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, వచ్చిన జాబితాలో బ్రౌజర్‌ను ఎంచుకుని ఎండ్ టాస్క్ కొట్టండి. మళ్లీ బ్రౌజర్ తెరిచినప్పుడు పాత పేజీలు తిరిగి తెరవనా అని అడిగితే వద్దనండి. అంతే. కంప్యూటర్‌కు ఏమీ కాలేదు.

కొన్నప్పటి సంది

నాన్న కంప్యూటర్‌లో గొంతు మాత్రం నిజమైన కాపలాదారుదే. ఓ ఆదివారం ఉస్మానియా క్యాంపస్ హాస్టల్ నుంచి ఓ కుర్రాణ్ని పిలిచాను. పీహెచ్‌డీ చేస్తున్నాడు, నాన్నంటే గౌరవం. కుర్చీ లాక్కుని కూర్చుని విండోస్ సెక్యూరిటీలోకి వెళ్లాడు. అక్కడి నుంచి ప్రొటెక్షన్ హిస్టరీ తెరిచాడు. కిందికి జరుపుతూ పోయాడు. పేజీ పొడవునా ఒకటే పేరు, తేదీలు మాత్రమే వేరు.

‘‘అన్నా, గిది వైరస్ అని కాదు. హ్యాక్‌టూల్ ఆటోకేఎంఎస్ అంటున్నది. అంటే క్రాక్. సార్‌కు కంప్యూటర్ అమ్మినాయిన దొంగ విండోస్ ఎక్కించిండు.’’

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే మన ఊళ్లలో అసెంబుల్ చేయించుకున్న ఎన్నో కంప్యూటర్లలో ఆగకుండా వచ్చే హెచ్చరికకు మూలం ఇదే.

పెద్ద ఆఫీసుల్లో వందల కంప్యూటర్లు ఉంటాయి. ఒక్కోదానికీ విడిగా లైసెన్స్ నంబర్ కొట్టకుండా, ఆఫీసులోని ఒక సర్వర్ అన్నింటికీ అనుమతి ఇచ్చే పద్ధతిని మైక్రోసాఫ్ట్ పెట్టింది. దాని పేరే కేఎంఎస్. ఆ అనుమతి 180 రోజులే ఉంటుంది, గడువులోగా కంప్యూటర్ మళ్లీ సర్వర్‌ను పలకరించి పొడిగించుకోవాలి. క్రాక్ చేసేవాళ్లు ఈ పద్ధతినే వాడుకున్నారు. మన కంప్యూటర్‌లోనే ఒక ఉత్తుత్తి సర్వర్‌ను కూర్చోబెడతారు. అది విండోస్‌ను నమ్మిస్తుంది. గడువు ఉంది కాబట్టి అది మళ్లీ మళ్లీ పని చేయాలి. అందుకని టాస్క్ షెడ్యూలర్‌లో దానికో వేళ పెడతారు. ఆ వేళకు అది లేస్తుంది, విండోస్‌లోని కాపలాదారు డిఫెండర్ పట్టుకుని అవతల పడేస్తుంది, షెడ్యూలర్ మళ్లీ లేపుతుంది. మూసేసిన హెచ్చరిక మర్నాడు మళ్లీ రావడానికి కారణం ఇదీ. కాపలాదారు పని చేయకపోవడం కాదు, రోజూ పట్టుకున్న దొంగనే రోజూ పట్టుకుంటున్నాడు.

కుర్రాడు ఇంకో పేజీ తెరిచాడు. ఎక్స్‌క్లూజన్స్. అంటే ఫలానా ఫోల్డర్లను తనిఖీ చేయొద్దని కాపలాదారుకు ఇచ్చిన చీటీ. అందులో ఒక ఫోల్డర్ పేరుంది. నాన్న పెట్టలేదు, నేను పెట్టలేదు. అమ్మినతను పెట్టి వెళ్లాడు. అంటే అన్నేళ్లుగా మా ఇంట్లో తనిఖీ లేని ఒక గది ఉంది. అందులోకి ఏది వచ్చి చేరినా చూసే కన్ను లేదు.

అమ్మినతనికి ఫోన్ చేస్తే చాలా మామూలుగా చెప్పాడు: ‘‘అది ఫాల్స్ అలర్ట్ సార్. పరేషాన్ కాకుండ్రి. డిఫెండర్ ఆఫ్ చేసుకోండ్రి, ఇంక రాదు.’’

ఈ సలహా ఎంతోమందికి అందుతోంది. దాని ఖరీదు తెలిస్తే ఎవరూ పాటించరు. క్రాక్‌లో ఏముందో అమ్మినవాడికీ తెలియదు, ఎక్కడి నుంచో దించుకున్నదే. 2018 నుంచి ప్రపంచమంతా ఇళ్లలోని కంప్యూటర్లను పీడించిన ‘స్టాప్’ అనే రాన్సమ్‌వేర్ ముఖ్యంగా ఈ క్రాక్‌లు, దొంగ లైసెన్స్ నంబర్లు పుట్టించే కీజెన్‌ల గుండానే పాకింది. ఫొటోలు, పత్రాలు అన్నింటినీ తాళం వేసేసి 980 డాలర్లు అడిగేది. మూడు రోజుల్లో కడితే సగం చాలనేది. విండోస్ ఖర్చు మిగిల్చుకున్న ఇంట్లో ఇరవై ఏళ్ల పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు పోతే ఆ లెక్క ఎవరు సరిచేస్తారు?

జిరాక్స్ షాపు, పెన్‌డ్రైవ్

క్యాంపస్‌లో ఈ బాధ మరో దారిలో వస్తుంది. థీసిస్ ప్రింట్ కోసం, హాల్‌టికెట్ కోసం జిరాక్స్ షాపుకు వెళ్తారు. రోజూ ఎన్నో పెన్‌డ్రైవ్‌లు ఒకే కంప్యూటర్‌కు గుచ్చుతారు. అందులో ఒక్కదాంట్లో రోగం ఉన్నా సాయంత్రానికి అందరి చేతుల్లోకీ వెళ్తుంది.

పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటదే ప్రోగ్రాం నడిచే పాత సదుపాయాన్ని మైక్రోసాఫ్ట్ విండోస్ 7 నుంచి ఆపేసింది. 2011లో పాత ఎక్స్‌పీ, విస్టాలకూ ఆపేసే అప్‌డేట్ ఇచ్చింది. దాంతో వైరస్‌లు మన వేలినే నమ్ముకున్నాయి. మన ఫోల్డర్లను దాచేసి, అదే పేరుతో షార్ట్‌కట్లు పెడతాయి. మన ఫోల్డరే కదా అని నొక్కుతాం, రోగం లోపలికి వస్తుంది. హాస్టళ్లలో ‘షార్ట్‌కట్ వైరస్’ అనేది దీన్నే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు కంగారుగా పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేయడం. ఫైళ్లు పోలేదు, దాగాయంతే. ముందు డిఫెండర్‌తో పెన్‌డ్రైవ్‌ను స్కాన్ చేయండి. తర్వాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోని వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టండి. అప్పటికీ కనిపించకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో సిస్టమ్ ఫైళ్లను దాచే టిక్ తీసేయండి. మీ ఫోల్డర్లు మసకగా కనిపిస్తాయి. కావాల్సినవి వేరేచోటికి కాపీ చేసుకుని అప్పుడు ఫార్మాట్ చేయండి. ఇంట్లో కంప్యూటర్‌ను ఎంత శుభ్రం చేసినా హెచ్చరిక తిరిగొస్తోందంటే, సొరుగులో పడి ఉన్న ఆ పెన్‌డ్రైవ్‌ను ఒకసారి అనుమానించండి. థీసిస్ లాంటి విలువైన ఫైల్‌ను ప్రింట్‌కు ఇవ్వాలంటే పీడీఎఫ్ చేసి మెయిల్‌లో పంపడమే మేలు.

తేదీ తప్పినా, గడువు తీరినా

కొన్ని హెచ్చరికలకు వైరస్‌తో సంబంధమే లేదు. ఏ సైట్ తెరిచినా ‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అని వస్తోందా? ముందు గడియారం చూడండి. ప్రతి వెబ్‌సైట్‌కూ ఒక గుర్తింపు పత్రం ఉంటుంది, దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని రాసి ఉంటుంది. పాత డెస్క్‌టాప్ మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్ 2032 బ్యాటరీ అయిపోతే, కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు లోకంలోని ప్రతి పత్రమూ చెల్లనిదిగానే కనిపిస్తుంది. ఆ బిళ్ల మారిస్తే చాలు. ఇంత చిన్న విషయానికి విండోస్ మొత్తం తీసేసి మళ్లీ వేయించుకున్న ఇళ్లున్నాయి.

కొత్త ల్యాప్‌టాప్‌తో ఉచితంగా వచ్చిన యాంటీవైరస్ గడువు తీరాక ‘మీరు ప్రమాదంలో ఉన్నారు’ అని రోజూ గుర్తు చేస్తుంది. అది డబ్బు కట్టమన్న పిలుపు. కట్టదలిస్తే కట్టండి, లేదంటే దాన్ని పూర్తిగా తీసేయండి. విండోస్‌లోనే ఉన్న డిఫెండర్ తనంతట తాను మేల్కొంటుంది. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి నడపడం మాత్రం వద్దు, ఒకదాన్ని చూసి ఒకటి అరుస్తాయి.

అప్‌డేట్ చేయమన్న హెచ్చరికను మాత్రం ఎప్పుడూ తోసిపుచ్చకండి. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచం మీద పడింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. రెండు నెలల వ్యవధి ఉంది. అప్‌డేట్ చేసుకున్నవాళ్లు బయటపడ్డారు. ఇప్పుడు అదే కూడలిలో విండోస్ 10 వాడేవాళ్లు ఉన్నారు. దానికి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడేవాళ్లు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా పొడిగింపు దొరుకుతుంది. ఆ తర్వాత విండోస్ 11కు మారాలి, పాత కంప్యూటర్ దానికి సరిపోకపోతే విండోస్‌కు బదులుగా వాడుకునే ఉచిత వ్యవస్థ లైనక్స్ ఉంది.

హెచ్చరిక తిరిగొస్తోందా? ఈ వరుసలో చూడండి

1. హెచ్చరికను ఫోన్‌తో ఫొటో తీయండి. మూసేశాక పేరు గుర్తుండదు.
2. అందులో సైట్ చిరునామా ఉంటే బ్రౌజర్ నోటిఫికేషన్లు తీసేయండి. ఫోన్ నంబర్ ఉంటే పేజీ మూసేయండి.
3. తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో చూడండి.
4. ప్రొటెక్షన్ హిస్టరీలో ముప్పు పేరు, అది ఏ ఫోల్డర్‌లో దొరికిందో చదవండి. తిరిగొచ్చే దారి అక్కడే తెలుస్తుంది: పెన్‌డ్రైవా, డౌన్‌లోడ్స్ ఫోల్డరా, క్రాకా.
5. ఎక్స్‌క్లూజన్స్ జాబితాలో మీరు పెట్టని పేర్లు తీసేయండి.
6. బ్రౌజర్‌లో తెలియని ఎక్స్‌టెన్షన్లు తీసేయండి. ఒకే ఖాతాతో రెండు కంప్యూటర్లు వాడుతుంటే రెండింటిలోనూ తీసేయండి, లేదంటే ఒకదాని నుంచి ఇంకోదానికి మళ్లీ వస్తాయి.
7. ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకుని, స్కాన్ ఆప్షన్స్‌లోని డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే సుమారు పావుగంటలో వెతుకుతుంది. లోపల దాక్కున్నవి అప్పుడే దొరుకుతాయి.
8. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017లో మొదలుపెట్టిన ‘సైబర్ స్వచ్ఛతా కేంద్ర’ సైట్‌లో శుభ్రం చేసే ఉచిత సాధనాలు దొరుకుతాయి.
9. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

మన భాషలో చెబితే

నాన్న ఇంగ్లిష్ చదవగలరు. అమ్మ చదవలేదు. ఆ కంప్యూటర్‌లోనే అమ్మ వంటల వీడియోలు చూస్తుంది, మనవరాలితో మాట్లాడుతుంది. ప్రమాదం వస్తే ఆమెకు ఆ కంప్యూటర్ ఇంగ్లిష్‌లోనే చెబుతుంది.

మా ఇంటికి కూతవేటు దూరంలోని ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైనప్పుడు చదువు ఇంగ్లిష్‌లో కాకుండా ఉర్దూలో చెప్పాలని నిర్ణయించారు. దానికోసం ప్రత్యేకంగా అనువాద సంస్థ పెట్టి సైన్సు పుస్తకాలను తర్జుమా చేయించారు. పెద్ద చదువులు ఈ దేశపు భాషలో చెప్పవచ్చని నిరూపించిన నేల ఇది. ఆ నేల మీద ఓ అమ్మకు తన ఇంటి కంప్యూటర్ ఇచ్చే హెచ్చరిక అర్థం కాకపోవడం నాకు బాధగా ఉంది.

అయితే తాళంచెవి మన చేతిలోనే ఉంది, తీయడం లేదంతే. క్రోమ్‌ను తెలుగులోకి మార్చుకోవచ్చు. విండోస్ భాషల జాబితాలో తెలుగు ఉంది. కొన్ని రకాల విండోస్‌లు భాష మార్చనివ్వవు, మిగతావాటిలో పది నిమిషాల పని. తెలుగు టైపింగ్ కోసం దొంగ కాపీలు వెతకనక్కర్లేదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు విండోస్‌లోనే ఉంది. మండలి, రామభద్ర, సురవరం లాంటి చక్కటి యూనికోడ్ అక్షరాలు ఉచితంగా దొరుకుతున్నాయి. స్వేచ్ఛ అనే మన తెలుగువాళ్ల సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం ఏళ్లుగా పని చేస్తోంది, తెలుగులో ఒక లైనక్స్ కూడా తయారు చేసింది.

మా ఇంట్లో కూడా చివరికి ఆ దారే పట్టాం. నాన్న జ్ఞాపకాలు, ఫొటోలు వేరే డిస్క్‌లోకి ఎక్కించి, హార్డ్‌డిస్క్ మొత్తం తుడిచేశాం. పాత కంప్యూటర్ విండోస్ 11ను మోయలేదు కాబట్టి లైనక్స్ మింట్ వేశాం. ఖర్చు సున్నా. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఒక్క అక్షరం చోటు మారలేదు కనుక నాన్న వేళ్లు తడుముకోలేదు. మొదటి రోజు పొద్దున ఆయన చూపు అలవాటుగా కుడివైపు మూలకు వెళ్లింది. అక్కడ ఏమీ లేదు.

ఈ ఆదివారం ఒక్క పని చేయండి. ఊళ్లో ఉన్నా, అమెరికాలో ఉన్నా, మీ అమ్మానాన్నల కంప్యూటర్ దగ్గర అరగంట కూర్చోండి. దూరంగా ఉంటే వీడియో కాల్‌లో తెర చూపించమనండి. ఏదైనా హెచ్చరిక కనిపిస్తే విసుక్కోకుండా, ‘ఇది ఎన్నాళ్ల నుంచి వస్తోంది?’ అని అడగండి. ఆ జవాబులోనే సగం కారణం దొరుకుతుంది. మిగతా సగం ప్రొటెక్షన్ హిస్టరీలో ఉంటుంది. హెచ్చరికను మూసేయడం ఆపి, చదవడం మొదలుపెడదాం.